గొంతులో తెల్లపొర

1949 ఫిబ్రవరి 9, బుధవారం. కోదాడ.

అయిపోయింది! నా సైదయ్య గొంతు ఆపరేషన్ అయిపోయింది. నా కొడుకు కళ్లు తెరిచి నన్ను చూశాడు! ఈ సంతోషం ఎవరితో పంచుకోను? కోడలు ఆండాళుకు చెప్పాను. కంపౌండర్ దేవదాసుకు చెప్పాను. దవాఖాన ముందు ఆగిన సూర్యాపేట బస్సు డ్రైవరుకూ చెప్పాను. "మంచిది తాతా, జర పక్కకు జరుగు, బండి తియ్యాలె" అన్నాడు. అయినా ఇంకా మిగిలిపోయింది. అందుకే ఈ కాగితాలకు చెబుతున్నాను.

ఈ నోటుబుక్కు డాక్టరు రాందాస్ గారిచ్చింది. నాలుగు గంటలకొకసారి పెన్సిలిన్ సూది వేస్తారు, వేసిన వేళ నన్ను రాసిపెట్టమన్నారు. నా చదువు మూడో తరగతి, అదీ ఉర్దూలో. తెలుగు మగ్గం గుంటలో కూర్చుని సొంతంగా నేర్చుకున్నది. బుక్కు ముందు నుంచి సూదులు రాస్తాను. వెనక నుంచి ఇది. ఇది ఎవరికీ చూపించేది కాదు.

వాణ్ణి పడుకోబెట్టలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, గొంతులోనే తిమ్మిరి సూది వేసి కోశారు. ఇరవై ఆరేళ్ల మనిషి, ఒక్క మూలుగు లేదు. నేను తలుపు బయట నిలబడి నరసింహస్వామిని ఎన్నిసార్లు తలుచుకున్నానో! తరవాత దేవదాసు పింగాణీ పళ్లెంలో రెండు గొంతుకాయలు, టాన్సిల్స్ అంటారట, తెచ్చి చూపించాడు. ఒక్కొక్కటి రేగుపండంత ఉంది. ఏడాదికి ఆరేడుసార్లు నా కొడుకును మంచాన పడేసినవి ఇవే. మిర్యాలగూడ బియ్యం మిల్లులో ఫిట్టరు పని ఊడేదాకా తెచ్చినవి ఇవే.

"ముట్టుకుంటవా తాతా?" అన్నాడు దేవదాసు నవ్వుతూ.

చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

10, గురువారం.

దవాఖాన పక్కనే మాకో గది ఇచ్చారు. సైదయ్య మాట్లాడడం లేదు. ఉమ్ము మింగాలన్నా కళ్లలో నీళ్లు. ఐసు ముక్క నోట్లో పెడితే కొంచెం నెమ్మది. ఆ ఐసు బెజవాడ నుంచి బస్సు మీద వస్తుంది. సైదయ్య తోటి పనివాళ్లు మిర్యాలగూడ మిల్లు నుంచి రెండు గోనెల ఊక పంపించారు, ఐసు గడ్డను అందులో పాతిపెడితే సాయంత్రానికి సగమైనా మిగులుతుంది. పెన్సిలిన్ బుడ్లు కూడా అందులోనే. చిటికెన వేలంత సీసా, అడుగున తెల్లటి పొడి. అంత పొడి నా బిడ్డ ప్రాణం కాస్తుందంటే దండం పెట్టకుండా ఎట్లా ఉంటాను? ప్రతి సూదికీ పెడుతున్నాను. దేవదాసు సిగ్గుపడుతున్నాడు.

ఆండాళు పొద్దున గంజి చల్లార్చి పోస్తూ అన్నది: "మామా, పెండ్లయి ఐదేండ్లాయె. నీ కొడుకు నా మాటకు ఎదురు చెప్పనిది ఈ రెండు దినాలే. ఇంకో నాలుగు దినాలు గిట్లనే ఉంచుమని డాక్టరుకు చెప్పు."

సైదయ్య నవ్వబోయి గొంతు పట్టుకున్నాడు. "అయ్యో నవ్వకు, నవ్వకు" అని అదే నవ్వింది. ఎంత మంచి పిల్ల! ఎంత మంచి దినం!

డాక్టరు గారు సాయంత్రం వచ్చి చూశారు. "పెద్దాయనా, ఇది రాసుకోండి. రేపో ఎల్లుండో గొంతులో కోసిన చోట తెల్లగా పొర కడుతుంది. చూసి భయపడొద్దు. అది చీము కాదు, పుండు మానుతోందని గుర్తు. దాన్ని గీకడం, కదిలించడం చెయ్యొద్దు. తొందరగా ఊడితే నెత్తురు పోతుంది. అదంతటదే రాలిపోతుంది."

రాసుకున్నాను. తెల్లపొర. ముట్టుకోవద్దు. కింద రెండు గీతలు గీశాను.

11, శుక్రవారం.

నోరు తెరిపించి చూడలేదు. చూడను. చూడాల్సిన పని డాక్టరుది.

12, శనివారం.

చెవుల్లో పోటు అని సైగ చేశాడు. గొంతు పుండుకు చెవి నొయ్యడం మామూలేనని డాక్టరు గారు అన్నారు. జ్వరం లేదు. జ్వరం లేదు! నాలుగు సార్లు చూశారు, నాలుగు సార్లూ లేదు.

సోడా కొట్టు దగ్గర నడిగూడెం మనిషి ఒకామె నన్ను పట్టుకుంది. "నువ్వు సూర్యాపేట సాలె శంకరయ్యవు కాదె? మా పెద్దోనికి గొంతుకాయలు నొక్కింది నువ్వే. ఇప్పుడు గా పిలగాడు ఎద్దులను తోలుతున్నడు సూడు. ఏం చెయ్యి నాయినా నీది!"

"ఇప్పుడు నొక్కుతలేను" అన్నాను.

"ఎందుకు?"

"హస్తవాసి పోయింది."

"పోతదా అది? దేవుడిచ్చింది" అంది. నా కుడిచేతి బొటనవేలును చూసింది. అందరూ అట్లాగే చూసేవాళ్లు. మగ్గం మీద కాయ కట్టిన వేలు. దాన్ని నీళ్లలో తడిపి, ఉప్పులో, పొయ్యి బూడిదలో అద్ది, పిల్లల నాలుక మీదుగా పోనిచ్చి వాచిన కాయలను నలిపేవాణ్ణి. మా నాయన చెయ్యి నాకు వచ్చింది. తిరుమలగిరి నుంచి, నేరేడుచర్ల నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. ఒక్క పైసా ముట్టలేదు. పుణ్యం కోసం చేశాను. ఎంతమంది పిల్లలు లేచి ఆడుకున్నారో!

పద్నాలుగేళ్లు అయింది మానేసి.

13, ఆదివారం.

చూశాను.

ఎందుకు చూశానో తెలియదు. వాడు ఆవలించాడు. గుమ్మంలో ఎండ పడుతోంది, వాడి నోట్లో పడింది.

రెండు పక్కలా తెల్లగా. సున్నం పూసినట్టు, పాలు విరిగి అంటుకున్నట్టు.

డాక్టరు గారు చెప్పిందే. మానుతున్న గుర్తు. రాసుకున్నాను కదా, పేజీ తిప్పి మళ్లీ చదివాను. గుర్తు. మంచిది. చాలా మంచిది. చాలా సంతోషం.

ఆ తెలుపు నాకు తెలుసు.

మల్సూరు గొంతులో చూశాను. నా చిన్నకొడుకు. తొమ్మిదేళ్లు. వాళ్లవ్వ, నా భార్య లక్ష్మీనర్సమ్మ, తిరుమలగిరిలో తల్లిగారింటికి పోయింది, తల్లికి బాగాలేదని. ఇంట్లో నేను, సైదయ్య, వాడు. మూడు రోజులు గొంతు నొప్పి అన్నాడు. పండగ ముందు చీరలు దింపాల్సి ఉంది, నేను మగ్గం దిగలేదు. మూడో రోజు నోరు తెరిపిస్తే తెల్లగా ఉంది. అప్పుడు నొక్కాను. ఆలస్యమైంది. అంతే జరిగింది. మొదటి రోజే నొక్కి ఉంటే వాడు బతికేవాడు. చెయ్యి తప్పు కాదు, ఆలస్యం తప్పు. ఈ పద్నాలుగేళ్లూ నాకు నేను ఇదే చెప్పుకున్నాను, ఇది నిజం కూడా.

నర్సమ్మ వచ్చేసరికి వాడి ప్రాణం పోయింది. నిద్రలోనే పోయాడని చెప్పాను. నోరు తెరిచి చూశావా అని అడిగింది. లేదు అన్నాను. ఆమె మళ్లీ అడగలేదు.

ఆ రోజు మల్సూరు కాళ్లు కదలకుండా పట్టుకున్నది సైదయ్య. వాడికి పన్నెండేళ్లు. నేనే పట్టుకోమన్నాను. వాడూ నేనూ ఆ మాట ఎప్పుడూ ఎత్తుకోలేదు.

ఇవాళ్టితో పెన్సిలిన్ ఆఖరు. ఐదు రోజులు చాలని డాక్టరు గారి మాట. ఒక్క బుడ్డి ఉంచి మిగిలినవి ఎవరో బాలింతకు ఇచ్చారు. మంచిదే.

తెల్లపొర మంచిదే.

14, సోమవారం.

వేలు పెట్టరాదు అనుకుంటూనే పెట్టాను.

ఆండాళు నీళ్లకు పోయింది. పొయ్యిలో బూడిద ఉంది. ఉప్పు ఉంది. సైదయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను దగ్గరికి పోయి "నోరు తెరువు బిడ్డా" అన్నాను. వాడు నా వేలు చూశాడు. తర్వాత నా మొహం చూశాడు. నన్ను తోసెయ్యొచ్చు. ఫిట్టరు పని చేసిన చేతులు, నన్ను ఎత్తి అవతల పారెయ్యగలడు. తోయలేదు. తెరిచాడు.

డాక్టరు కుర్రవాడు, ఎన్ని గొంతులు చూసి ఉంటాడు, ఈసారి ఆలస్యం చెయ్యను, అనుకున్నాను. అంతే అనుకున్నాను. ఇంకేమీ అనుకోలేదు.

మెత్తగా తగిలింది. ఊడివచ్చింది. తరవాత వేడిగా.

నోటి నిండా నెత్తురు. దోసిలి నిండా. వాడు ముందుకు వంగి ఉమ్ముతున్నాడు, ఉమ్మినకొద్దీ వస్తోంది. ఆండాళు బిందె గడపలో పడేసి దవాఖానకు ఉరికింది. నేను వాడి తల పట్టుకుని నిలబడ్డాను. మల్సూరూ మల్సూరూ అని పిలుస్తున్నానట. ఆండాళు చెప్పింది. నాకు తెలియదు.

డాక్టరు గారు మందులో ముంచిన గుడ్డ ఉండను పట్టకారుతో గొంతులో అదిమిపట్టి, గంట సేపు కదలకుండా నిలబడ్డారు. ఆగింది.

"ఇది దానంతటది ఊడిన పొర కాదు. ఎవరైనా వేలు పెట్టారా?" అని అడిగారు. నన్నే చూస్తున్నారు.

సైదయ్య ఐదు రోజుల తరవాత నోరు విప్పాడు. గరగరమని, చిన్నగా. "నేనే. దురద పెడుతుంటే గోటితోని గీకిన."

"చదువుకున్నవాడివి, బుద్ధి లేదూ!" అని వాణ్ణి తిట్టారు.

నేను ఏమీ అనలేదు. నా కొడుకు బంగారం.

15, మంగళవారం.

జ్వరం. నూటొకటి.

చెప్పలేదు.

16, బుధవారం.

నూటమూడు. మెడ కింద వాచింది. నీళ్లు కూడా దిగడం లేదు. శుభ్రంగా ఆగిన గాయానికి ఇంత జ్వరం ఎందుకని డాక్టరు గారికి అంతు పట్టడం లేదు. చలి కూడా ఉంది కాబట్టి మలేరియా అనుకున్నారు. నిన్నటి నుంచి క్వినైన్ పోస్తున్నారు. వాడు మింగలేక ఏడ్చాడు.

నాకు తెలుసు, అది మలేరియా కాదు. ఆ పొయ్యి మీద ఉడికినవన్నీ, ఆ బూడిదలో పడ్డవన్నీ, నా గోటి కింద ఉన్నదంతా వాడి పచ్చిపుండులో ఉంది. డాక్టరు గారికి తెలియదు. తెలిస్తే పెన్సిలిన్ మళ్లీ మొదలుపెట్టేవారు. నా నోట్లో ఉన్న ఒక్క మాట వాడికి మందు. అది బయటికి రావడం లేదు. దవాఖాన గుమ్మం దాకా మూడుసార్లు పోయాను. మూడోసారి దేవదాసు "ఏం తాతా, ఏమన్న కావాల్నా?" అన్నాడు. "ఐసు" అన్నాను.

సైదయ్య నన్ను దగ్గరికి పిలిచి చెవిలో అన్నాడు: "చెప్పకు నాయినా. నిన్ను పోలీసులకిస్తరు."

ఈ మాట నేను ఇంతకు ముందు విన్నాను. ఈ మాట కాదు. ఇట్లాంటిదే.

17, గురువారం.

చెప్పాను.

పొద్దున డాక్టరు గారు ఇంకా చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. పోయి కాళ్లు పట్టుకున్నాను. "దొరా, వాడు గీకలేదు. నేను వేలు పెట్టిన. ఉప్పు, బూడిద అద్ది పెట్టిన."

"ఏం అద్దారు?"

"పొయ్యి బూడిద."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "రెండు రోజులు క్వినైన్ పోశానయ్యా నేను! రెండు రోజులు!" అని అరిచారు. వెంటనే లేచి దేవదాసును పిలిచారు. బెజవాడ బస్సు ఇంకా పోలేదు. దాంట్లో ఎక్కించి, ఎన్ని బుడ్లు దొరికితే అన్ని తెమ్మన్నారు. ఉన్న ఒక్క బుడ్డి అక్కడికక్కడే కలిపి తానే వేశారు.

అప్పుడు నా వైపు తిరిగారు. "ఇంతకు ముందు ఎవరికైనా ఇలా చేశారా?"

"చేసిన."

"ఎంతమందికి?"

"లెక్క లేదు దొరా."

"ఎవరికైనా ఏమైనా అయిందా?"

మల్సూరు సంగతి మొత్తం చెప్పాను. మొదటిసారి నోటితో చెప్పాను. తెల్లగా ఉందని, గీకానని, నెత్తురు వచ్చిందని, తెల్లవారేసరికి ఊపిరి అందలేదని. ఆయన కిటికీ బయట పోతున్న మిలట్రీ లారీల వైపు చూశారు.

"అది కంఠసర్పి, డిఫ్తీరియా, అయి ఉంటుంది. పిల్లల్ని చంపే జబ్బు. ఆ రోజుల్లో దానికి మందు మీ ఊళ్లో దొరికేది కాదు."

"అయితే నా చెయ్యి పడకపోయినా పోయేటోడేనా?"

"ఆ సంగతి నాకు తెలియదు పెద్దాయనా. తెలుసంటే అబద్ధం అవుతుంది."

అబద్ధం చెప్పినా బాగుండేది.

దేవదాసు పొద్దుగూకక ముందే వచ్చాడు. ఆరు బుడ్లు, ఐసు గడ్డ. ఊక గోనెలో పెట్టేటప్పుడు నన్ను ముట్టనివ్వలేదు. నేనూ ముట్టబోలేదు.

18, శుక్రవారం.

నూటరెండు.

19, శనివారం.

నూటొకటి. తెల్లగా ఉందట మళ్లీ. ఆండాళు చూసి చెప్పింది. నేను గది బయట అరుగు మీద కూర్చుంటున్నాను. ఆండాళు నాతో మాట్లాడడం లేదు. కంచం తెచ్చి పెట్టి పోతోంది. కంచం పెట్టింది, అదే చాలు.

20, ఆదివారం.

జ్వరం లేదు! నా తండ్రి సైదయ్యకు జ్వరం లేదు! మెడ వాపు దిగింది. రాగిజావ అరగ్లాసు తాగి, ఇంకా పొయ్యమని సైగ చేశాడట! డాక్టరు గారు బయటికి వచ్చి "పెద్దాయనా, గట్టెక్కాడు. అయినా ఈ సూదులు ఇంకో మూడు రోజులు ఆపను" అన్నారు. ఆయన చేతులు కళ్లకు అద్దుకున్నాను. అరుగు మీద నుంచి దిగి దారిన పోయే వాళ్లందరికీ చెప్పాను. నా కొడుకు బతికాడయ్యా, రెండోసారి పుట్టాడయ్యా! ఎవరో పిచ్చివాడు అనుకున్నారు. అనుకోనీ! ఇంత సంతోషం నా డెబ్బయ్యేళ్లలో ఎరగను.

సంతోషంగా ఉన్నప్పుడే వాడు వస్తున్నాడు. మల్సూరు. అరుగు చివర కాళ్లు వేలాడేసి కూర్చున్నట్టు ఉంటుంది. తల తిప్పితే ఎవరూ లేరు. నోరు మాత్రం మూసుకుని ఉంటాడు.

22, మంగళవారం.

నర్సమ్మ వచ్చింది. సూర్యాపేట బస్సు దిగి, మూట నెత్తిన పెట్టుకుని, నన్ను చూసి చూడనట్టు తిన్నగా కొడుకు దగ్గరికి పోయింది. నుదురు నిమిరింది. గొంతు నిమిరింది. సైదయ్య "అవ్వా" అన్నాడు. బాగా వచ్చింది మాట. కొంచెం ముక్కుతో అన్నట్టు వచ్చింది, అదీ పోతుందట.

ఆండాళు ఏమీ చెప్పలేదు. చెప్పాల్సింది నేనే అని ఊరుకుంది. నేనే నర్సమ్మను అరుగు మీదికి పిలిచాను. మిట్టమధ్యాహ్నం, అరుగు ఎండకు కాలుతోంది. ఆమె నిలబడే ఉంది.

సైదయ్యకు ఏం చేశానో ముందు చెప్పాను. తరవాత మల్సూరు సంగతి. నిద్రలో పోలేదని. నోరు తెరిచి చూశానని, వేలు పెట్టానని, సైదయ్యతో కాళ్లు పట్టించానని.

ఆమె ఏడవలేదు. "ఎరుకే" అంది. "పిలగాని పండ్ల మీద బూడిద ఉండె. ఆఖరి స్నానం పోసినదాన్ని నేనే కదా."

నా బొటనవేలును గుప్పిట్లో దాచుకున్నాను.

"ఒకటే అడుగుత. అబద్ధమాడకు. పోయేముందు ఏమన్న అన్నడా వాడు?"

"అన్నడు."

"ఏమన్నడు?"

"'అవ్వకు చెప్పకు నాయినా. నీతోని కొట్లాడుతది' అన్నడు."

నర్సమ్మ కూర్చుంది. కాలే అరుగు మీదనే కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకుంది. కొంచెం సేపటికి తీసింది.

"పద్నాలుగేండ్లు" అంది. "నా పిలగాడు నన్ను యాదిజేసుకున్న మాట, పద్నాలుగేండ్లు నీ దగ్గర పెట్టుకున్నవా? గా మాట నాది కాదా? వాడు నిద్రల పోయిండంటే, అవ్వా అనకుండనే పోయిండని నేను... ఓరి నీ నోట్ల మన్నువడ! నీ చేతులు ఇరుగ!"

"వాడే వద్దన్నడు నర్సా—"

"తొమ్మిదేండ్ల పోరడు వద్దంటే ఆగినవా? కొట్లాడేదాన్ని! ఆ దినమే నీ జుట్టు వట్టుకొని వాడకట్టంత ఇనేటట్టు కొట్లాడేదాన్ని! కొట్లాడి కొట్లాడి ఎప్పుడో ఖతం జేసేదాన్ని. నన్ను కొట్లాడనియ్యకపోతివి గదయ్యా!"

ఆ గొంతు! మెత్తటి మనిషి అనుకున్నాను ఇన్నాళ్లు. సోడా కొట్టు వాడు బయటికి వచ్చాడు. దేవదాసు చేతిలో సూదితో గుమ్మంలో నిలబడిపోయాడు. సైదయ్య లోపలి నుంచి "అవ్వా, ఇగ ఊకో" అంటున్నాడు. "నువ్వు నోరు మూసుకోరా, నీ సంగతి తర్వాత. కాళ్లు వట్టుకున్నోనివి నువ్వు కాదా!" అని వాణ్ణీ తిట్టింది. ఆండాళు తలుపు చాటున కొంగు మొహాన పెట్టుకుని ఉంది, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

నేను లేచి పోలేదు. ఒక్కొక్క తిట్టూ వచ్చి పడుతుంటే తల వంచుకుని కూర్చున్నాను. మధ్యలో ఆమెకు దగ్గు వస్తే చెంబుతో నీళ్లు ఇచ్చాను. తాగి మళ్లీ అందుకుంది. మా నాయనను తిట్టింది, నాకు ఈ వేలు ఇచ్చినందుకు. మగ్గాన్ని తిట్టింది, ఆ మూడు రోజులు నన్ను దిగనియ్యనందుకు. తిరుమలగిరిని తిట్టింది, తనను ఆపుకున్నందుకు. ప్రతి తిట్టు చివరా మల్సూరు పేరు చెప్పింది. మా ఇంట్లో ఆ పేరు పైకి అనగా నేను విననే లేదు ఇన్నేళ్లు.

రెండు గంటల సూది రాయడానికి లోపలికి వచ్చాను. రాశాను.

బయట ఇంకా తిడుతూనే ఉంది. నేను పోయి కూర్చోవాలి.